చిన్న కథ, షార్ట్ టర్మ్ మెమరీ: తరచుగా అడిగే ప్రశ్నలు

తెలుగు ఎం.ఏ. చదివేవాళ్ళు, కథలు రాసేవాళ్ళు, అప్పుడప్పుడు సైకాలజీ విద్యార్థులు ఇవే ప్రశ్నలు తిప్పి తిప్పి అడుగుతుంటే జవాబులన్నీ ఒకచోట పెట్టాను. వరసగా చదవాలని లేదు. ఏడు చేపల కథ దగ్గర మాత్రం కాసేపు ఆగండి. మిగతా జవాబుల్లో సగం దాని మీదే నిలబడ్డాయి.

చిన్న కథ చిన్నగా ఉండటానికి కారణం మన జ్ఞాపకం చిన్నది కావడమేనా?

కాదు. షార్ట్ స్టోరీ, షార్ట్ టర్మ్ మెమరీ రెండు పేర్లలోనూ 'షార్ట్' ఉండటం వల్ల వచ్చిన తికమక ఇది. షార్ట్ టర్మ్ మెమరీ, అంటే ఇప్పుడే విన్నదాన్ని, చూసినదాన్ని కాసేపు పట్టుకునే జ్ఞాపకం, దాని లెక్క సెకన్లలో ఉంటుంది. కథ లెక్క నిమిషాల్లో, ఒక్కోసారి గంటల్లో ఉంటుంది. అర పేజీ కథ కూడా షార్ట్ టర్మ్ మెమరీలో మొత్తంగా పట్టదు. నాలుగైదు వాక్యాలు దాటేసరికి మొదటి వాక్యంలోని మాటలు జారిపోయి ఉంటాయి.

అలాగని రెండింటికీ సంబంధం లేదని కాదు. ఆ సంబంధం కథ పొడవులో లేదు, ఒక వాక్యం తన దగ్గరున్నది తర్వాతి వాక్యం చేతికి అందించే తీరులో ఉంది. ఈ పేజీ అంతా దాని గురించే.

ఇంతకీ షార్ట్ టర్మ్ మెమరీ అంటే ఎంతసేపు?

1959లో ఇండియానా విశ్వవిద్యాలయంలో లాయిడ్ పీటర్సన్, మార్గరెట్ పీటర్సన్ చేసిన ప్రయోగం ఇప్పటికీ పాఠ్యపుస్తకాల్లో కనిపిస్తుంది. మూడు హల్లులు వినిపించారు. వెంటనే ఒక సంఖ్య ఇచ్చి, దానిలోంచి మూడేసి తగ్గిస్తూ వెనక్కి లెక్కపెట్టమన్నారు. లోపల్లోపల వల్లె వేసుకునే వీలు లేకుండా చేయడానికి ఈ ఏర్పాటు. 18 సెకన్ల తర్వాత అడిగితే పదిసార్లలో ఒకసారి సరిగ్గా రావడమే గగనమైంది. మూడంటే మూడు అక్షరాలు! ఓటీపీ నోట్లో అనుకుంటూ ఉండగా ఇంట్లోవాళ్ళు "గ్యాస్ కట్టేశావా?" అని అడిగితే ఏమవుతుందో అందరికీ తెలుసు.

దీనికో మెలిక ఉంది. ఇదే ప్రయోగంలో మొదటిసారి ఇచ్చిన అక్షరాలను జనం దాదాపు మరచిపోరని 1962లో కెపెల్, అండర్‌వుడ్ చూపించారు. రెండోసారి, మూడోసారి నుంచే మరపు మొదలవుతుంది. అంటే తప్పు కాలానిది ఒక్కటే కాదు, ముందు విన్నవి వచ్చి అడ్డుపడుతున్నాయి. ఈ సంగతి కథా సంకలనాల దగ్గర మళ్ళీ పనికొస్తుంది.

వర్కింగ్ మెమరీ అంటే కూడా అదేనా?

కొంచెం తేడా. షార్ట్ టర్మ్ మెమరీ అంటే సరుకు కాసేపు పెట్టుకునే పళ్ళెం అనుకోండి. వర్కింగ్ మెమరీలో పళ్ళెంతో పాటు కత్తిపీట, తరిగే చెయ్యి కూడా ఉన్నాయి. 1974లో అలన్ బాడ్లీ, గ్రాహం హిచ్ ఈ నమూనా ఇచ్చారు. మాటల్ని లోపల వల్లె వేసే భాగం ఒకటి, బొమ్మల్ని, చోట్లను పట్టుకునే భాగం ఒకటి, ఈ రెంటి మీద పెత్తనం చేసేది ఇంకొకటి. 2000లో బాడ్లీ దీనికి నాలుగో భాగం చేర్చాడు. మాట, బొమ్మ, పాత జ్ఞాపకం మూడూ కలిసి ఒక సన్నివేశంగా కాసేపు నిలిచే చోటు అది. కథల మీద పనిచేసేవాళ్ళకు నాలుగింటిలో ఎక్కువ పనికొచ్చేది ఇదే.

ఏడు విషయాలే గుర్తుంటాయంటారు, నిజమేనా?

1956లో జార్జ్ మిల్లర్ రాసిన వ్యాసం పేరులో ఆ ఏడు ఉంది, దానికి అటూ ఇటూ రెండు అని కూడా ఉంది. వ్యాసం చదివితే ఆయన ఆ అంకెతో సగం వేళాకోళం ఆడుతున్నాడని తెలుస్తుంది. వ్యక్తిత్వ వికాసం పుస్తకాల వాళ్ళు దాన్ని శిలాశాసనం చేశారు. వల్లె వేసుకునే దారులన్నీ మూసేసి చూస్తే మనిషి పట్టు నాలుగు దగ్గరే ఆగుతుందని 2001లో నెల్సన్ కోవన్ వాదించాడు. ఇప్పుడు ఎక్కువమంది ఆ నాలుగునే తీసుకుంటున్నారు.

నాలుగు అంటే నాలుగు అక్షరాలో నాలుగు మాటలో కాదు, నాలుగు గుత్తులు. 1, 9, 4, 7, 2, 0, 1, 4 అని విడివిడిగా చదివితే ఎనిమిది అంకెలు. 1947, 2014 అనగానే మనకి రెండే గుత్తులు. హైదరాబాద్ మొహం చూడని విదేశీయుడికి రెండో గుత్తి కట్టే దారం ఉండదు.

ఇందులో భాష పాత్ర కూడా ఉంది. దాదాపు రెండు సెకన్లలో పలకగలిగినంత మేరే లోపల వల్లెలో నిలుస్తుందని 1975లో బాడ్లీ బృందం చూపించింది. పొడుగు మాటలైతే తక్కువ పడతాయి. వెల్ష్ భాషలో అంకెలు పలకడానికి ఇంగ్లీషు కంటే ఎక్కువసేపు పడుతుంది, అందుకే వెల్ష్‌లో చెప్పినప్పుడు గుర్తుండే అంకెల సంఖ్య తగ్గుతుందని 1980లో ఒక పరిశోధన వచ్చింది. మన అంకెలు చూడండి. ఇంగ్లీషులో ఎనిమిదికి ఒక అక్షరం ఊపిరి చాలు, మనకు ఎ-ని-మి-ది నాలుగు. పచ్చి తెలుగు మాట్లాడే మనిషి కూడా ఫోన్ నంబరు దగ్గరికి వచ్చేసరికి "నైన్ ఎయిట్ ఫోర్" అనడంలో ఫ్యాషన్ ఎంతుందో నాలుకకు మిగిలే సౌకర్యం కూడా అంత ఉందని నా అనుమానం.

కథలో చదివిన వాక్యం మాటకు మాట ఎంతసేపు నిలుస్తుంది?

తర్వాతి రెండు మూడు వాక్యాల దాకా. 1967లో జాక్వెలిన్ శాక్స్ జనానికి చిన్న చిన్న భాగాలు వినిపించింది. ఒక దానిలో దుర్భిణి పుట్టుక గురించి, గెలీలియోకి ఒకాయన ఉత్తరం రాయడం గురించి ఉంది. మధ్యలో ఆపి, ఇంతకుముందు విన్న వాక్యం ఇదేనా అని అడిగింది. వాక్యం విన్న వెంటనే అడిగితే ఏ చిన్న మార్పైనా పట్టుకున్నారు. ఇంకో 80 అక్షరాల మేర విన్న తర్వాత అడిగితే, అంటే అర నిమిషం లోపే, వాక్యం కట్టుబాటు మారిన సంగతి పోల్చుకోలేకపోయారు. కానీ గెలీలియోకి ఉత్తరం వచ్చిందన్నదాన్ని గెలీలియో ఉత్తరం రాశాడని మారిస్తే మాత్రం పట్టేశారు.

వాక్యంలోని రసం పిండుకుని పిప్పి పారేస్తాం అన్నమాట. శైలి కోసం రాత్రంతా మేలుకునే రచయితలు దీన్ని చూసి దిగులుపడనక్కర్లేదు. ఆ రసం ఎంత వస్తుందో, ఏ రుచితో వస్తుందో మాటల కూర్పే తేలుస్తుంది. పద్యానికి ఈ లెక్క వర్తించదు. గణాలు, యతిప్రాసలు ఉన్నదే పిప్పిని కూడా పారేయనివ్వకుండా.

ఏడు చేపల కథకీ దీనికీ ఏం సంబంధం?

చాలా. తెలుగు పిల్లలకు మొదట చెప్పే కథల్లో ఇదొకటి. రాజుగారికి ఏడుగురు కొడుకులు, వాళ్ళు వేటకెళ్ళి ఏడు చేపలు తెచ్చారు, ఎండబెట్టారు, ఒకటి ఎండలేదు. చేపా చేపా ఎందుకు ఎండలేదు అంటే గడ్డిమేటు అడ్డం వచ్చింది. గడ్డిమేటూ ఎందుకు అడ్డం వచ్చావంటే ఆవు మేయలేదు. ఆవును అడిగితే గొల్లవాడు మేపలేదు, గొల్లవాణ్ణి అడిగితే అవ్వ బువ్వ పెట్టలేదు, అవ్వను అడిగితే పిల్లాడు ఏడ్చాడు, పిల్లాణ్ణి అడిగితే చీమ కుట్టింది. చీమా చీమా ఎందుకు కుట్టావంటే, నా బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా! ఊరూరికీ ఒకటి రెండు మెట్లు మారతాయి, నేను విన్నది ఇలా.

వినే పిల్లకు మూడేళ్ళు. ఆ వయసులో పిల్లలు మూడు నాలుగు అంకెలు వరసగా తిరిగి చెప్పడమే ఎక్కువ. మరి ఇంత కథ ఎలా పట్టుకుంటారు? పట్టుకోరు, పట్టుకోవాల్సిన పని లేదు. ఏ క్షణంలోనైనా చేతిలో ఉంచుకోవలసింది ఒక్కటే, ఇప్పుడు పేరు వచ్చిన మనిషి లేదా వస్తువు. ప్రశ్నలో ఆ పేరు మళ్ళీ వస్తుంది, జవాబులో కొత్త పేరు వస్తుంది, పాతది వదిలేయొచ్చు. ఒక చేతిలోని గిన్నె ఇంకో చేతికిచ్చినట్టు. రాజు, ఆయన కొడుకులు, ఎండిన ఆరు చేపలు రెండో మాటకే వేదిక దిగిపోతారు, మళ్ళీ రారు. ఎండని చేప ఒక్కటే తేలని సంగతిగా మిగులుతుంది.

ఇంకొకటుంది. ఈ కథను ఎవరూ అక్షరం అక్షరం కంఠస్థం చేయరు, అయినా నలభై ఏళ్ళ తర్వాత మనవరాలికి తడుముకోకుండా చెబుతారు. 1985లో టామ్ ట్రబాసో, పాల్ వాన్ డెన్ బ్రూక్ కథల్లోని సంఘటనల మధ్య కారణాల గొలుసు గీసి చూశారు. గొలుసులో ఉన్నవి, ఎక్కువ లంకెలున్నవి బాగా గుర్తుంటాయి. గొలుసుకు పక్కన వేలాడేవి రాలిపోతాయి. ఏడు చేపల కథలో గొలుసు తప్ప ఇంకేమీ లేదు. ప్రతి 'ఎందుకు' ఒక లంకె. చిన్న కథ గురించి అకడమిక్ పరిశోధనలో ఏం తేలిందో ఒక్క ఉదాహరణతో చెప్పమంటే నేను చీమ దగ్గరికే వెళ్తాను.

(చేప, గడ్డిమేటు, ఆవు, గొల్లవాడు, అవ్వ, పిల్లాడు, చీమ. ఏడు! మిల్లర్ అంకె మన అమ్మమ్మలకు ముందే తెలుసని దయచేసి ఎక్కడా రాయకండి.)

ఒకే కూర్చోటంలో చదవగలిగేదే చిన్న కథ అన్నది ఎవరు? సైన్సు ఒప్పుకుంటుందా?

అమెరికన్ కథకుడు ఎడ్గార్ అలన్ పో. 1842లో హాథార్న్ కథల పుస్తకాన్ని సమీక్షిస్తూ, చదవడానికి అరగంట నుంచి రెండు గంటలు పట్టే కథ గురించి రాశాడు. మధ్యలో లేస్తే లోకవ్యవహారాలు జొరబడి కథ కలిగించే ఏకమైన ముద్ర చెదురుతుందని ఆయన వాదన. ఆయన మాట్లాడింది జ్ఞాపకం ఎంత పడుతుందన్నదాని గురించి కాదు, అంతరాయం గురించి. ఈ తేడా చాలామంది గమనించరు.

ఆ రెండు గంటలు ఎంత పెద్దవో కూడా చూడండి. ఇంగ్లీషు పాఠకులు కథాసాహిత్యాన్ని సగటున నిమిషానికి 260 పదాల చొప్పున చదువుతారని మార్క్ బ్రైస్‌బార్ట్ 2019లో పాత పరిశోధనలన్నీ కలిపి లెక్క తేల్చాడు. ఆ లెక్కన పో చెప్పిన కొలత 7,800 పదాల దగ్గర మొదలై 31,000 దాటుతుంది. పై అంచున ఉన్నది మన లెక్కలో నవలిక. పత్రిక రెండు పేజీల్లో ముగిసే మన కథ పో కింది అంచును కూడా అందుకోదు.

మధ్యలో ఫోన్ మోగితే కథ పాడవుతుందా?

కాసేపటి అంతరాయమైతే పెద్దగా కాదు. 1980లలో మరే గ్లాంజర్, ఆయన సహచరులు వింత పని చేశారు. చదువుతున్న వాక్యాల మధ్య సంబంధం లేని వాక్యాలు దూర్చారు. షార్ట్ టర్మ్ మెమరీలో ఉన్నదంతా అలా తుడిచిపెట్టుకుపోవాలి. అయినా పాఠకులకు అర్థం కావడంలో లోటు రాలేదు. మళ్ళీ అసలు పాఠంలోకి వచ్చినప్పుడు మొదటి వాక్యం దగ్గర సెకనులో కొంత భాగం ఆలస్యమైంది, అంతే.

దీని ఆధారంగా 1995లో అండర్స్ ఎరిక్సన్, వాల్టర్ కింట్ష్ కొత్త మాట అన్నారు. అలవాటైన పనిలో మనం షార్ట్ టర్మ్ మెమరీ మీద ఆధారపడం. విషయాన్ని దీర్ఘకాలిక జ్ఞాపకంలోనే సర్దేసి, దానికి కట్టిన తాడు కొస ఒకటి మాత్రం చేతిలో ఉంచుకుంటాం. చేద బావిలో ఉంది, తాడు గిలక మీద ఉంది. ఫోన్ మాట్లాడి వచ్చి తాడు లాగితే నీళ్ళు పైకొస్తాయి.

అందుకని పో తప్పు అనను. అర్థం చెదరకపోవచ్చు. ఆయన అన్నది ముద్ర గురించి, బిగువు గురించి. దాన్ని కొలిచే ప్రయోగం అర్థాన్ని కొలిచినంత తేలిక కాదు.

అవధానులకు షార్ట్ టర్మ్ మెమరీ ఎక్కువ ఉంటుందా?

ఈ ప్రశ్న తెలుగువాళ్ళే అడుగుతారు, అందుకే నాకిష్టం. అష్టావధానంలో ఎనిమిది మంది పృచ్ఛకులు చుట్టూ కూర్చుంటారు. సమస్య, దత్తపది, నిషిద్ధాక్షరి, వర్ణన అంటూ ఒక్కొక్కరికి ఒక్కో పాదం చెబుతూ, నాలుగు ఆవృత్తాల్లో పద్యాలు పూర్తిచేయాలి. మధ్యలో అప్రస్తుత ప్రసంగం చేసేవాడు వెక్కిరిస్తుంటాడు, గంట కొట్టేవాడు కొడుతుంటాడు, ఆ దెబ్బలూ లెక్కపెట్టాలి. చివర ధారణ, అన్ని పద్యాలూ కాగితం లేకుండా అప్పజెప్పాలి. పీటర్సన్ల ప్రయోగాన్ని ఎవరో పగబట్టి రూపొందించినట్టుంటుంది.

మామూలు షార్ట్ టర్మ్ మెమరీ ఎంత పెద్దదైనా ఈ పని చేయలేదు. ఎరిక్సన్ మాటల్లో చెప్పాలంటే ఇది సాధనతో కట్టుకున్న తాళ్ళ ఏర్పాటు. ఛందస్సు ఒక్కో పాదానికి మూస ఇస్తుంది, ప్రాస అక్షరం తర్వాతి పాదానికి తాడు కొస అవుతుంది, పృచ్ఛకుడి మొహమే ఒక అర. కథ చదివే మామూలు పాఠకుడు చేసేది కూడా ఈ జాతి పనే. పాత్రలు, కారణాలు, చోట్లు అతని ఛందస్సు.

కథలో ఎన్ని పాత్రలుంటే పాఠకుడు తట్టుకుంటాడు?

అంకె అడగకండి, చెప్పను. నాలుగు గుత్తులన్నారు కదా అని నాలుగు పాత్రలని కొందరు కథా శిక్షణ తరగతుల్లో చెబుతున్నారు. అది సూత్రాన్ని తలకిందులుగా పట్టుకోవడం. పెళ్ళి ఇంట్లో యాభై మంది ఉన్నా ఫరవాలేదు. మొదటి పేరాలోనే ఆరుగురిని పేరు పెట్టి దింపితే మాత్రం కష్టం.

కష్టం ఎక్కడొస్తుందో 1980లో మెరెడిత్ డేన్‌మన్, పట్రీషియా కార్పెంటర్ చూపించారు. వాక్యాలు పైకి చదివిస్తూ, ప్రతి వాక్యం చివరి మాట గుర్తుపెట్టుకోమన్నారు. కొందరు రెండు, కొందరు ఐదు మాటల దాకా పట్టారు. ఈ కొలతలో వెనకబడ్డవాళ్ళు ముఖ్యంగా తడబడింది సర్వనామాల దగ్గర. 'అతను' అంటే ఎవరో ఐదారు వాక్యాల వెనక ఉంటే పోల్చుకోలేకపోయారు.

తెలుగులో ఇది ఇంకో మలుపు తిరుగుతుంది. మనం సర్వనామాన్ని కూడా వాడం, క్రియ చివర తోకతో సరిపెడతాం. 'వచ్చాడు' అంటే మగవాడని తెలుస్తుంది. 'వచ్చింది' అంటే ఆడమనిషి, ఆవు, బస్సు, వాన, ఏదైనా కావచ్చు. ఇద్దరు ఆడవాళ్ళు మాట్లాడుకునే సన్నివేశంలో కర్త లేకుండా ఆరు వాక్యాలు నడిపితే ఎవరేమన్నారో రచయితకే తెలుసు.

చుట్టరికాలు ఇంకో గొడవ. ఒకే మనిషి కోడలికి అత్తయ్య, మరిదికి వదిన, కొడుక్కి అమ్మ, భర్తకు 'ఇదిగో'. నలుగురి నోట నలుగురైపోతుంది. పెద్ద కుటుంబంలో పెరిగిన పాఠకుడు ఆ వల ఇట్టే విప్పుకుంటాడు, ఎందుకంటే అతనికి ఆ గుత్తి ముందే కట్టి ఉంది. అమెరికాలో పుట్టి తెలుగు నేర్చుకుంటున్న పిల్లకు అదే పేరా నాలుగు గుత్తులు మింగేస్తుంది. కథ ఒకటే, బరువు వేరు.

తెలుగు వాక్యంలో క్రియ చివర వస్తుంది కదా, అందాకా అంతా మోయాలా?

మోయాలనే చాలాకాలం అనుకున్నారు. కర్తకూ క్రియకూ దూరం పెరిగితే బరువు పెరుగుతుందన్న సిద్ధాంతం ఇంగ్లీషులో బాగానే నిలిచింది. అయితే క్రియ చివర వచ్చే జర్మన్ వాక్యాల్లో లార్స్ కొనీచ్నీ 2000లో, హిందీలో శ్రవణ్ వసిష్ఠ్ ఆ తర్వాత కొలిచి చూస్తే కొన్ని వాక్యాల్లో ఫలితం అడ్డం తిరిగింది. మధ్యలో మాటలు పెరిగేకొద్దీ చివరి క్రియను ఇంకా త్వరగా చదివారు. ముందొచ్చిన మాటలు రాబోయే క్రియ ఏమిటో సూచించేస్తున్నాయన్నమాట. 'పొద్దున్నే లేచి, బావి దగ్గర రెండు చేదలు తల మీద' అన్నాక 'పోసుకున్నాడు' కోసం ఎవరూ ఆయాసపడరు. ఆయాసపెట్టేవి ఒకదానిలో ఒకటి ఇమిడిన 'అని చెప్పిన', 'అని అనుకున్న', 'అని తెలిసిన' వాక్యాలు. వాటిని విడగొట్టండి.

సీను మారినప్పుడు పాఠకుడి బుర్రలో ఏమవుతుంది?

పాత బొమ్మ చుట్టి పక్కన పెట్టి కొత్తది పరుస్తాడు. రోల్ఫ్ జ్వాన్ 1996లో, కథలో 'ఒక క్షణం తర్వాత' అని ఉన్నచోట 'ఒక గంట తర్వాత' అని మార్చి చూశాడు. గంట అన్నప్పుడు ఆ వాక్యం చదవడానికి ఎక్కువ సమయం పట్టింది, అంతకుముందు జరిగింది తట్టడం ఆలస్యమైంది. కాలమే కాదు, చోటు, పాత్ర, కారణం, ఉద్దేశం మారినా పాఠకుడు లెక్క సరిచూసుకుంటాడని ఆయన బృందం ప్రతిపాదించింది.

దీనికి తోడు గాబ్రియేల్ రాడ్వాన్‌స్కీ ప్రయోగాలు బాగా పేరుపడ్డాయి. ఒక గది గుమ్మం దాటి ఇంకో గదిలోకి వెళ్తే చేతిలో ఉన్నది మరచిపోతామని. వంటింట్లోకి వెళ్ళి ఎందుకొచ్చానా అని నిలబడేవాళ్ళందరికీ అది ఊరట. 2021లో వేరేవాళ్ళు చేసి చూస్తే, మనసు మీద ఇంకో భారం ఉన్నప్పుడే ఆ మరపు కనిపించింది. కాబట్టి గుమ్మాన్ని మరీ తిట్టకండి. కథలో మాత్రం, ముగింపుకు కావలసిన ఉంగరం మూడు సీన్ల వెనక పెట్టేసి మళ్ళీ ఒక్కసారైనా మెరిపించకపోతే పాఠకుణ్ణి నిందించే హక్కు మీకు లేదు.

షార్ట్ టర్మ్ మెమరీ బాగుండి మిగతాది పోతే కథ చదవగలమా?

హెన్రీ మొలైసన్ అనే అమెరికన్‌కు 1953లో మూర్ఛ తగ్గించడానికి మెదడు ఆపరేషన్ చేశారు. 2008లో చనిపోయేదాకా ఆయనకు కొత్త జ్ఞాపకాలు దాదాపుగా ఏర్పడలేదు. కానీ అంకెలు వరసగా తిరిగి చెప్పేవాడు, మాట్లాడేవాడు. అవే పత్రికలు మళ్ళీ మళ్ళీ చదివేవాడని, ఎన్నిసార్లు చదివినా కొత్తగానే ఉండేవని 1957 నాటి వైద్య నివేదికలో ఉంది. నాకు తెలిసిన వాక్యాల్లో బాగా కలచివేసేది ఇదే.

దీనికి ఎదురు కేసు 1969, 1970ల్లో ఎలిజబెత్ వారింగ్టన్, టిమ్ షాలిస్ వర్ణించిన కె.ఎఫ్. ఆయన ఒకటి రెండు అంకెలకు మించి తిరిగి చెప్పలేడు, కొత్త విషయాలు నేర్చుకోవడం మాత్రం మామూలే. రెండూ పక్కపక్కన పెడితే కథ బతికేది దీర్ఘకాలిక జ్ఞాపకంలోనని కనిపిస్తుంది.

మూడో రకం రోగులు కూడా ఉన్నారు. జ్ఞాపకశక్తి దెబ్బతిన్నా తెలివితేటలు నిలిచినవాళ్ళు కొందరు చిన్న కథ వినగానే బాగానే తిరిగి చెప్పారు, కాసేపాగి అడిగితే ఏమీ మిగల్లేదు. బాడ్లీ, బార్బరా విల్సన్ 2002లో దీన్ని చర్చించారు. వర్కింగ్ మెమరీకి బాడ్లీ చేర్చిన నాలుగో భాగం ఎందుకు కావలసి వచ్చిందో దీనితో తెలుస్తుంది. ఆసుపత్రుల్లో జ్ఞాపకశక్తి చూడటానికి వాడే వెక్స్‌లర్ పరీక్షలో కూడా రోగికి చిన్న కథ చదివి వినిపించి, వెంటనే ఒకసారి, 20, 30 నిమిషాల తర్వాత ఒకసారి చెప్పమంటారు.

సంకలనం ఒకేసారి చదివితే కథలన్నీ కలగాపులగం అవుతాయెందుకు?

కెపెల్, అండర్‌వుడ్ చెప్పిందే. ముందుది వెనకదానికి అడ్డం, గడ్డిమేటులాగా. ఒకే జాతి సరుకు వరసగా ఇస్తే మరపు పెరుగుతుందని, జాతి మార్చగానే జ్ఞాపకం మళ్ళీ కోలుకుంటుందని డెలోస్ వికెన్స్ అక్షరాలతో, అంకెలతో, మాటలతో చూపించాడు. కథలకు దీన్ని పొడిగించడం నా సొంత అంచనా. అయినా సంకలనకర్తలకు ఒక మనవి: వలస వెళ్ళిన కొడుకు కోసం ఎదురుచూసే తల్లి కథలు నాలుగు వరసగా వేయకండి. మధ్యలో ఒక హాస్య కథ పెట్టండి.

ఎప్పుడో చదివిన కథ తిరిగి చూస్తే నేను చెబుతున్న కథలా లేదు. నా బుర్రకేమైనా అయిందా?

ఏమీ కాలేదు. ఫ్రెడరిక్ బార్ట్‌లెట్ కేంబ్రిడ్జ్‌లో ఉత్తర అమెరికా ఆదివాసుల జానపద కథ ఒకటి జనానికి చదవమని ఇచ్చి, రోజుల తర్వాత, నెలల తర్వాత రాయమన్నాడు. ఆ ఫలితాలు 1932లో పుస్తకంగా వచ్చాయి. దెయ్యాలు మాయమయ్యాయి, సీల్ జంతువుల వేట చేపలు పట్టడమైంది, చిన్న దోనె కాస్తా పడవైంది. తమకు అలవాటైన లోకంలోకి కథను లాక్కున్నారు. పురాణం చెప్పేవాళ్ళ నోట్లో హస్తినాపురం మన తాలూకా కేంద్రంలా మారిపోవడం చూసినవాళ్ళకు ఇది వింతగా ఉండదు.

ముగింపు వచ్చేసిందని పాఠకుడికి ఎలా తెలుస్తుంది?

సూసన్ లోహాఫర్ అనే అమెరికన్ విమర్శకురాలు 1980ల నుంచి దీని మీదే పనిచేసింది. కథ ఇచ్చి, అసలు ముగింపుకంటే ముందు ఏ వాక్యం దగ్గర ఆగినా సరిపోతుందనిపిస్తుందో గుర్తుపెట్టమంది. జనం ఎక్కడబడితే అక్కడ పెట్టలేదు, కొన్ని వాక్యాల దగ్గర గుమిగూడారు. సాహిత్య విమర్శ, ప్రయోగ మనస్తత్వశాస్త్రం ఒకే బల్ల దగ్గర కూర్చున్న అరుదైన సందర్భం ఇది. మీ తరగతిలో రేపే చేయొచ్చు, పెన్సిలుంటే చాలు.

సీరియల్లో 'సశేషం' ఎక్కువ గుర్తుంటుందట కదా?

1927లో బ్లూమా జైగార్నిక్ సగంలో ఆపిన పనులు ఎక్కువ గుర్తుంటాయంది. తర్వాత చాలామంది చేసి చూస్తే నిలకడగా రాలేదు. ఆసక్తి వేరు, జ్ఞాపకం వేరు.

ఫోన్‌లో చదివినా పుస్తకంలో చదివినా ఒకటేనా?

దాదాపు. 2019లో ఆనె మాంగెన్ బృందం 50 మందికి 28 పేజీల కథ ఒకటి ఇచ్చింది, సగం మందికి కిండిల్‌లో, సగం మందికి పుస్తకంలో. చాలా ప్రశ్నల్లో తేడా రాలేదు. ఏ సంఘటన ముందు, ఏది వెనక అన్న ప్రశ్నల్లో పుస్తకం వాళ్ళు మెరుగు. అది కిండిల్, ఫోన్ కాదు. ఫోన్ అయితే మధ్యలో వాట్సాప్ కూడా వస్తుంది, ఆ లెక్క వేరే.

డేన్‌మన్, కార్పెంటర్ పరీక్షను తెలుగులోకి తెచ్చి నా ప్రాజెక్టులో వాడుకోవచ్చా?

వాక్యాలు తర్జుమా చేసి పెట్టేస్తే దెబ్బతింటారు. ఆ పరీక్షలో గుర్తుపెట్టుకోవలసింది వాక్యం చివరి మాట. ఇంగ్లీషులో అక్కడ నామవాచకం తేలిగ్గా దొరుకుతుంది. తెలుగులో చివర క్రియ ఉంటుంది: తెచ్చాడు, ఇచ్చాడు, వచ్చాడు, మెచ్చాడు. ఒకేలా మోగే మాటలు లోపలి వల్లెలో ఒకదానితో ఒకటి కలిసిపోతాయని కాన్రాడ్, బాడ్లీ 1960లలోనే చూపించారు. అప్పుడు మీరు కొలిచేది చదివే శక్తిని కాదు, అంత్యప్రాసను తట్టుకునే శక్తిని.

జపనీస్‌లో కూడా క్రియ చివరే. అక్కడివాళ్ళు పరీక్షను తెచ్చుకున్నప్పుడు చివరి మాట వదిలేసి, వాక్యం లోపల ఎర్రగీత గీసిన మాట గుర్తుపెట్టుకోమన్నారు. మీరూ అదే చేయండి. లేదంటే 'ఆ ఇంటి పెద్ద మా మేనమామ' లాంటి క్రియ లేని వాక్యాలు ఏరుకోండి. అవి మనకు కావలసినన్ని ఉన్నాయి. ఒక్క జాగ్రత్త: గీత గీసే మాటల పొడవు కూడా సమానంగా చూసుకోండి, 'ఎనిమిది' పక్కన 'రెండు' పెట్టకుండా.